షుగర్ పేషెంట్ల రికార్డు కంప్యూటర్‌లో పెడితే నిజంగా ఉపయోగమా? చిన్న క్లినిక్‌కి ఏది సరిపోతుంది?

రాజాం_క్లినిక్:

అందరికీ నమస్తే. రాజాంలో చిన్న క్లినిక్ నాది. ఎంబీబీఎస్, జనరల్ ప్రాక్టీసు. జ్వరాలు, విరేచనాలు, దెబ్బలు చూసుకుంటూ మొదలుపెట్టాను, ఇప్పుడు వచ్చేవాళ్లలో షుగర్, బీపీ వాళ్లే ఎక్కువ. మా బలగం అంటే నేనూ, ఒక కాంపౌండరూ, పొద్దున పూట వచ్చి రక్తం తీసుకుని వెళ్లే ల్యాబ్ అబ్బాయీ, అంతే.

మా దగ్గర రికార్డు అంటే పేషెంటు చేతిలో ఉండే చీటీ. అది తెస్తే అదృష్టం. కొందరు క్యారీబ్యాగు నిండా పాత చీటీలు, ఖాళీ మందుల స్ట్రిప్పులు, ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిచ్చిన కాగితం, ఎప్పటిదో ఈసీజీ, అన్నీ తెచ్చి బల్ల మీద బోర్లిస్తారు, అందులో పనికొచ్చేది వెతకడానికే టైం అయిపోతుంది. కొందరు ఏమీ తేరు. "ఆ తెల్ల బిళ్లే బాబూ, మీరే ఇచ్చినారు కదా" అంటారు. తెల్ల బిళ్లలు ఎన్ని రకాలున్నాయో మనకి తెలుసు.

నా దగ్గర షుగర్‌కి మందు వాడేవాళ్లు మొత్తం ఎంతమంది అంటే చెప్పలేను. వాళ్లలో ఈ ఏడాది కళ్లు చూపించుకున్నది ఎవరు, క్రియాటినిన్ (కిడ్నీ కోసం చేసే రక్తపరీక్ష) చేయించుకున్నది ఎవరు, మందు మానేసి ఇంట్లో కూర్చున్నది ఎవరు, ఏమీ తెలియదు.

ఈ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అబ్బాయి వచ్చి ట్యాబ్‌లో డెమో ఇచ్చాడు. గ్రాఫులు, ప్రింటు ప్రిస్క్రిప్షన్, పేషెంటుకి వాట్సాప్ మెసేజ్, ఏడాదికి ఇంత అని. చూడ్డానికి బాగుంది. కానీ సంత రోజున బయట బెంచీలన్నీ నిండిపోయి ఉంటే నేను లోపల టైపు చేస్తూ కూర్చోవాలా? కాంపౌండర్‌తో చేయిద్దామంటే ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, మందుల లెక్క అన్నీ అతనే. అసలు ఇవన్నీ పెడితే పేషెంట్ల షుగర్ తగ్గుతుందా, లేక నా టేబుల్ మీద ఇంకో సామాను పెరుగుతుందా? వాడినవాళ్లు, పీహెచ్‌సీల్లో చేసినవాళ్లు ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి. ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ హెల్త్ ఐడీ) లింకు చేయాలా, మామూలు ఎక్సెల్ సరిపోతుందా, ఏమేం రాసుకోవాలి? కంపెనీ ఏజెంట్లు దయచేసి రిప్లై ఇవ్వకండి.

నాగావళి_గట్టు:

డాక్టరు గారూ, నేను జిల్లాలో ఎన్‌సీడీ (షుగర్, బీపీ లాంటి అంటుకోని జబ్బుల) ప్రోగ్రాం పని చూసి రిటైరైనవాణ్ణి, శ్రీకాకుళంలోనే ఉంటాను. మీ పోస్టులో అసలు సంగతి ఒక్క ముక్కలో ఉంది: మందు మానేసి ఇంట్లో కూర్చున్నది ఎవరో తెలియదు. కంప్యూటర్ కొంటే దానికోసం కొనండి, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం చేయాలో చీటీ చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి మీరు తేల్చుకోగలరు. రాని మనిషి సంగతి చీటీ చెప్పదు, ఆ చీటీ కూడా ఆ మనిషితో పాటు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి. అందుకని మీకు ముందు కావాల్సింది ఒక రిజిస్టరు. షుగర్ ఉన్నవాళ్లందరి పేర్లు, చివరిసారి వచ్చిన తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ. వారానికి ఒకసారి దాన్ని తెరిస్తే గడువు దాటినవాళ్ల పేర్లు వరసగా పైకి రావాలి, ఎవరో ఒకరు కూర్చుని వాళ్లకి ఫోన్ చేయాలి. కాగితం మీద కూడా చేయొచ్చు, మా రోజుల్లో చేశాం, కానీ మూడు వందల పేర్లు దాటాక కాగితంలో తేదీలు వెతకడం ఎవరి వల్లా కాదు.

బీపీకి ఈ పద్ధతి మన దేశంలో పెద్ద ఎత్తునే నడిచింది. 2017లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ మొదలైనప్పుడు మొదటి రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అందులో కొన్ని చోట్ల సింపుల్ అనే యాప్ వాడారు. పేషెంటుకి క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు ఇస్తారు, నర్సు దాన్ని స్కాన్ చేసి బీపీ, మందులు, మళ్లీ వచ్చే తేదీ ఎక్కిస్తుంది. గడువు దాటినవాళ్ల లిస్టు అందులోనే వస్తుంది, అక్కణ్ణుంచే ఫోన్ చేయొచ్చు. తర్వాత షుగర్ కూడా చేర్చారు. దాంట్లో నాకు నచ్చింది ఏమిటంటే గడులు చాలా తక్కువ. కావాలనే తక్కువ పెట్టారు. గడులు పెరిగేకొద్దీ నింపేవాళ్లు తగ్గిపోతారు, లేదా నోటికొచ్చింది నింపేస్తారు.

షుగర్ తగ్గుతుందా అన్నారు. దీని మీద మంచి పరిశోధనలే ఉన్నాయి, ఫలితాలు మాత్రం ఒకేలా లేవు. కార్స్ అని ఒక ట్రయల్, ఇండియా, పాకిస్తాన్‌లలో పది డయాబెటిస్ క్లినిక్‌లలో చేశారు, 2016లో అచ్చయింది. డాక్టరుకి సలహాలిచ్చే ఎలక్ట్రానిక్ రికార్డు ఒకటి, దానితో పాటు పేషెంట్లను కనిపెట్టుకుని ఉండే కేర్ కోఆర్డినేటర్ ఒకరు. షుగర్‌తో పాటు బీపీ గానీ కొలెస్ట్రాల్ గానీ కూడా లక్ష్యానికి వచ్చినవాళ్లు ఆ గుంపులో నూటికి 18 మంది, మామూలు వైద్యంలో 8 మంది. రెట్టింపు దాటింది. (18 అంటే కూడా ఎంత తక్కువో చూడండి, పెద్ద క్లినిక్‌లలోనే అది పరిస్థితి.) తర్వాత హర్యానా, కర్ణాటక సీహెచ్‌సీల్లో (పీహెచ్‌సీల కంటే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు) ఎంవెల్‌కేర్ అని నర్సుల చేతికి ట్యాబ్ ఇచ్చి చేశారు, 2019లో ఫలితం వచ్చింది, ట్యాబ్ లేని చోట్లతో పోలిస్తే షుగర్‌లో, బీపీలో తేడా తేలలేదు. మన పశ్చిమ గోదావరిలో కూడా 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి స్మార్ట్‌హెల్త్ అని చేశారు, అందులోనూ బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇవి చదివి నేను అర్థం చేసుకున్నది, అందరూ ఒప్పుకోకపోవచ్చు: పరికరం ఒక్కటే ఏమీ చేయదు, దాని వెనక పడి పేషెంటుని మళ్లీ తీసుకొచ్చే మనిషి ఉంటే ఫలితం కనపడుతుంది. కాబట్టి ఆ కంపెనీకి కట్టే డబ్బులో సగం పెట్టి ఇంటర్ చదివిన అమ్మాయిని ఎవరినైనా రోజుకి రెండు గంటలు పెట్టుకోండి. టైపు చేయడం, ఫోన్ చేయడం ఆ అమ్మాయి పని.

ఇంకో మాట. రిజిస్టరు పెట్టాక మీరు తప్పకుండా "ఎంతమందికి అదుపులో ఉంది" అని లెక్క వేస్తారు. అక్కడ జాగ్రత్త. ఉదాహరణకు రిజిస్టర్‌లో 200 మంది ఉన్నారు, గత మూడు నెలల్లో 120 మంది వచ్చారు, వాళ్లలో 72 మందికి అదుపులో ఉంది అనుకోండి. వచ్చినవాళ్లలో లెక్కేస్తే 60 శాతం, భుజాలు ఎగరేయొచ్చు. 200 మందిలో లెక్కేస్తే 36 శాతం. రెండోదే అసలు లెక్క. రానివాళ్లని అదుపు తప్పినవాళ్లుగానే చూడాలి, లేకపోతే ఎంతమంది మానేస్తే మన శాతం అంత పెరుగుతుంది.

బ్రిటన్‌లో 2004లో జనరల్ ప్రాక్టీసు డాక్టర్లకి వచ్చే డబ్బులో కొంత భాగాన్ని ఇలాంటి లెక్కలకే ముడిపెట్టారు, క్లినిక్‌లలో షుగర్ రిజిస్టరు పెట్టించారు, ఏడాదికి ఒకసారి చేయాల్సిన పరీక్షలు అయ్యాయా లేదా అని అందులో చూసేవారు. దాని వల్ల మేలు జరిగిందనేవాళ్లూ ఉన్నారు, టిక్కులు పెట్టుకోవడమే పనైపోయిందని తిట్టేవాళ్లూ ఉన్నారు. మనకి ఎవరూ డబ్బులివ్వరు కాబట్టి రెండో బాధ లేదు.

ఊరి_క్లినిక్_సిస్టర్:

సార్, నేను గజపతినగరం వైపు ఒక విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని (డాక్టరు లేని చోట ఊరి క్లినిక్ చూసుకునే ఆరోగ్య కార్యకర్తని). పైన సార్ చెప్పినవన్నీ నిజమే కానీ కింద పనిచేసేవాళ్లకి ఎదురయ్యేవి వేరే ఉంటాయి, అవి చెప్తాను.

మొదటిది పేర్లు. మన వైపు సింహాచలం అంటే ఆడమనిషి కావచ్చు, మగమనిషి కావచ్చు. అప్పలనాయుడు, రమణమ్మ, పైడిరాజు అని వెతికితే ఒక్క ఊళ్లోనే బోలెడు మంది వస్తారు, ఇంటిపేరు కూడా ఒకటే. ఒకరి షుగర్ ఇంకొకరి పేరు మీద ఎక్కిందంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి మీ క్లినిక్ నంబరు అని ఒకటి ఇచ్చేయండి, కార్డు మీద రాసి లామినేషన్ చేసి ఇవ్వండి, పేరు పక్కన ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు తప్పనిసరి. ఆభా 14 అంకెల నంబరు ఉంటే అది కూడా ఒక గడిలో రాసి పెట్టుకోండి, రేపు పనికొస్తుంది, లేదని చెప్పి పని ఆపొద్దు. వయసు అడిగితే "యాభయ్యో అరవయ్యో ఉంటాయమ్మా" అంటారు, అందుకని పుట్టిన సంవత్సరం రాసుకోండి. వయసు రాస్తే ఏడాదికోసారి తప్పైపోతుంది.

రెండోది ఫోన్ నంబర్లు. ముసలావిడ ఇచ్చే నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది. ఫోన్ చేస్తే ఆ బాబు "అమ్మ ఊళ్లో ఉంది కదండీ" అంటాడు. ఇద్దరివి నంబర్లు తీసుకోండి, ఒకటి ఊళ్లో ఉండే మనిషిది, పక్కింటివాళ్లదైనా సరే.

మూడోది వలస. మా లిస్టులో రానివాళ్లలో చాలామంది మందు మానేసినవాళ్లు కాదు, పనికి వెళ్లిపోయినవాళ్లు. విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై బిల్డింగు పనులు. శ్రీకాకుళం తీరం నుంచైతే గుజరాత్ బోట్లకి వెళ్లిపోతారు, నెలల తరబడి రారు. వాళ్లని కూడా "మానేశారు" అని రాస్తే లిస్టు చూడబుద్ధి కాదు. "వలస, సంక్రాంతికి వస్తారు" అని ఒక గుర్తు పెట్టండి, వెళ్లే ముందు రెండు మూడు నెలల మందులు రాసివ్వండి, అక్కడ చూపించుకోవడానికి మందుల పేర్లు స్పష్టంగా ఉన్న చీటీ ఇవ్వండి. చనిపోయినవాళ్ల పేరు వెంటనే తీసేయండి, ఆ ఇంటికి ఫోన్ చేసి మందు వాడుతున్నారా అని అడిగే పరిస్థితి తెచ్చుకోకండి.

ఇది మాత్రం ప్రైవేటు డాక్టర్లు అందరూ వినాలి. మా దగ్గర 104 బండి వచ్చిన రోజున మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మందులు తీసుకుంటారు. తర్వాత మీ దగ్గరికి వచ్చి మీరు రాసిన బ్రాండు మందు కూడా కొనుక్కుంటారు. రెండింట్లో ఉన్నది ఒకటే అని వాళ్లకి తెలియదు, డబ్బా వేరు, రంగు వేరు. రెండూ వేసుకుని, పొలం పనిలో తిండి ఆలస్యమై, కళ్లు తిరిగి పడిపోయి వస్తారు. మీ రికార్డులో "పీహెచ్‌సీ మందులు వాడుతున్నారా" అని ఒక గడి పెట్టండి, మందు పేరు బ్రాండుతో కాకుండా అసలు పేరుతో ఎక్కించండి. సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకోవడం ఎప్పుడవుతుందో, అప్పటిదాకా ఈ ఒక్క గడి చాలా మందిని కాపాడుతుంది.

టైపింగ్ గురించి అడిగారు. నేను ఏమంటానంటే పేషెంటు ముందు టైపు చేయకండి. మాకు ఎంట్రీలు చేయాల్సిన యాప్‌లు ఎక్కువ, నెట్ ఉంటే ఓటీపీ రాదు, ఓటీపీ వస్తే నెట్ ఉండదు. ఆశా అక్కలు ముప్పై దాటినవాళ్లందరికీ సీబ్యాక్ ఫారం (షుగర్, బీపీ లాంటివి వచ్చే ముప్పు ఉందా అని చూసే ప్రశ్నల కాగితం) ఇంటింటికీ తిరిగి నింపుతారు, మళ్లీ అదే మనిషి వివరాలు ఇక్కడ ఎక్కించాలి. చాకిరీ అంతా దాంట్లోనే పోతుంది. మీరైతే చిన్న స్లిప్పు మీద నాలుగు అంకెలు రాసి పక్కన పడేయండి, సాయంత్రం ఎవరో ఒకరు ఎక్కిస్తారు.

కవిటి_కొబ్బరితోట:

నేను ఉద్దానం వైపు ప్రాక్టీసు చేస్తాను. అందరూ షుగర్ అంకె గురించే మాట్లాడుతున్నారు, నేను కిడ్నీ గురించి చెప్తాను, మా వైపు అది లేకుండా షుగర్ వైద్యం లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు షుగర్, బీపీ ఏమీ లేకుండానే కిడ్నీలు పోయేవాళ్లు ఉన్నారు, కారణం ఇంకా తేలలేదు. అలాంటి చోట షుగర్ కూడా ఉందంటే రెండు వైపుల నుంచీ దెబ్బ. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు సరే, అక్కడిదాకా వెళ్లేలోపు పట్టుకోవాల్సింది మనలాంటివాళ్లం.

కంప్యూటర్ నాకు నిజంగా పనికొచ్చింది ఇక్కడే. ల్యాబ్ కాగితం మీద క్రియాటినిన్ 1.4 అని వస్తుంది. చూసి "కొంచెం ఎక్కువ" అనుకుంటాం. అరవై ఏళ్ల మగమనిషికి ఆ 1.4 అంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె) 57 దాకా ఉంటుంది. అదే వయసు ఆడమనిషికి అదే 1.4 అంటే 43. ఒకే అంకె, వేరే కథ. 45 కింద ఉంటే మెట్‌ఫార్మిన్ కొత్తగా మొదలుపెట్టకూడదు, ముందే వాడుతుంటే డోసు తగ్గించాలి, 30 కిందకి వస్తే ఆపేయాలి. ఈ లెక్క తలలో వేసుకోలేం. ఎక్సెల్‌లో ఈజీఎఫ్‌ఆర్ లెక్కకట్టే 2021 సీకేడీ-ఎపి ఫార్ములా ఒక్కసారి పెట్టేస్తే పుట్టిన సంవత్సరం, ఆడా మగా, క్రియాటినిన్ ఎక్కించగానే అదే వేసి చూపిస్తుంది, 45 కింద ఉంటే గడి ఎర్రబడుతుంది. నేను పెట్టుకున్న ఎరుపు ఇంకొకటే, క్రియాటినిన్ ఏడాదిగా చేయించనివాళ్లకి. మూడో ఎరుపు పెట్టుకోలేదు, పెట్టుకోను కూడా. అన్నీ ఎర్రగా ఉంటే ఏదీ చూడం.

కుదిరితే యూరిన్ ఏసీఆర్ (మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతుందో చూసే పరీక్ష) కూడా ఏడాదికోసారి. క్రియాటినిన్ పెరిగే ముందే మూత్రంలో ఆల్బుమిన్ పోవడం మొదలవుతుంది. ఖర్చు అనుకుంటే అందరికీ కాకపోయినా బీపీ కూడా ఉన్నవాళ్లకి ముందు చేయించండి. ఒళ్లునొప్పుల బిళ్లలు ఎవరి దగ్గర కొంటున్నారో అడిగి రాసుకోండి, మా వైపు కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్లు అవి రోజూ వేసుకుంటారు, ఎవరూ తమంతట తాము చెప్పరు.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మీద మాత్రం కళ్లు మూసుకుని ఆధారపడొద్దు. రక్తహీనత ఉన్నవాళ్లలో, కిడ్నీ బాగా పోయినవాళ్లలో అది తప్పుదారి పట్టిస్తుంది. మీకు పాలకొండ, సీతంపేట ఏజెన్సీ వైపు నుంచి పేషెంట్లు వస్తుంటే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల తేడా) లక్షణం ఉన్నవాళ్లు కూడా ఉంటారు, కొన్ని మిషన్లలో అది అంకెని మార్చేస్తుంది. పరగడుపుది, తిన్నాకది కూడా పక్కనే ఉంచండి, మూడూ ఒకదానికొకటి పొసగకపోతే ఆగి ఆలోచించండి.

బొబ్బిలి_వీణ:

డాక్టర్ని కాదు, ఊరు బొబ్బిలి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మా అత్తయ్య వాళ్ల డాక్టర్ గారికి ఇలాంటిదే చేసి పెట్టాను, అందుకని రాస్తున్నా.

సార్, ఎక్సెల్ చాలు. కానీ రెండు షీట్లు పెట్టండి. ఒకదాంట్లో మనిషికి ఒక వరస: క్లినిక్ నంబరు, పేరు, ఊరు, రెండు ఫోన్లు, పుట్టిన సంవత్సరం, వలస గుర్తు, అలాంటివి. రెండోదాంట్లో వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త వరస: నంబరు, తేదీ, బీపీ, షుగర్, మందులు, మళ్లీ రావాల్సిన తేదీ. పాతదాని మీద కొత్తది రాసేస్తే ఆరు నెలల కింద ఎంత ఉందో పోతుంది, చాలామంది అక్కడే పాడుచేసుకుంటారు. తేదీ తేదీలాగే ఎక్కించాలి, "మార్చిలో" అని రాస్తే కంప్యూటర్‌కి ఏమీ అర్థం కాదు.

పాత చీటీలన్నీ కూర్చుని ఎక్కించే పని పెట్టుకోకండి. ఇవాళ్టి నుంచి ఎవరు వస్తే వాళ్లది మొదలుపెట్టండి. షుగర్ వాళ్లు ఎలాగూ నెలకో రెండు నెలలకో మందులకి వస్తారు కాబట్టి రెగ్యులర్‌గా వచ్చేవాళ్లంతా తొందరగానే లిస్టులోకి ఎక్కేస్తారు.

సాఫ్ట్‌వేర్ కొనాలనే ఉంటే ఆ కంపెనీ అబ్బాయిని రెండు అడగండి. గడువు దాటినవాళ్ల లిస్టు ఒక్క నొక్కుతో వస్తుందా? రేపు మీది మానేస్తే నా డేటా మొత్తం ఎక్సెల్‌గా బయటికి తీసుకోవచ్చా? రెండోదానికి నీళ్లు నమిలితే టీ ఇచ్చి పంపేయండి. ఇంకా, నెట్ లేనప్పుడు పనిచేయాలి, వానాకాలంలో మన వైపు కరెంటు సంగతి తెలిసిందే.

బ్యాకప్ వారానికోసారి వేరే డిస్కులో, ఆ డిస్కు క్లినిక్‌లో ఉండకూడదు. ఫైల్‌కి పాస్‌వర్డ్. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం పేషెంటు వివరాలకి బాధ్యత మీదే, ఏం రాసుకుంటున్నారో, ఎందుకు ఫోన్ చేస్తారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. రిపోర్టులు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో వేసే అలవాటు ఎవరికైనా ఉంటే అది ఆపించండి. పెళ్లి కావాల్సిన అమ్మాయికి షుగర్ ఉందని ఊరంతా తెలిసిపోతే ఆ ఇల్లు మీ గడప తొక్కదు.

నాన్నకి_షుగర్:

పేషెంటు వైపు నుంచి ఒక మాట. మాది చీపురుపల్లి దగ్గర. నాన్నని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను, అక్కడ అంతా కంప్యూటరే, డాక్టరు గారు నాన్న మొహం చూసింది లోపలికి వచ్చినప్పుడు ఒకసారి, బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి. బయటికొచ్చాక చేతికి దళసరి ప్రింటు కట్ట, అంతా ఇంగ్లీషే. చెప్పులు లేకుండా పొలంలో తిరుగుతాడని, కాలి వేలి దగ్గర చిన్న పుండు ఉందని అడిగేవాళ్లే లేరు. ఇంటి దగ్గర ఉన్న మామూలు డాక్టరు గారు చెప్పులు విప్పించి చూశారు.

ఇంకోటి. నాన్నకి మూడు నెలల షుగర్ టెస్ట్ 9 వచ్చింది. "తొమ్మిదేగా, తక్కువే" అని సంతోషపడ్డాడు! ఆయన చూసే అంకెలు 180, 200 కదా. ఆ 9 అంటే సగటున 212 దాకా ఉన్నట్టు అని తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. మీరు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా పేషెంటుకి ఇచ్చే కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పోయినసారి ఎంత, ఈసారి ఎంత, ఎంతలో ఉండాలి అని మూడు అంకెలు వేయండి. మిగతా కథంతా మీ దగ్గరే పెట్టుకోండి.

రాజాం_క్లినిక్:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. సాఫ్ట్‌వేర్ ఇప్పుడే కొనను. రెండు షీట్ల ఎక్సెల్‌తో మొదలుపెడతాను, మా కాంపౌండర్ చెల్లెలు డిగ్రీ అయ్యి ఇంట్లోనే ఉంది, సాయంత్రం వచ్చి చేస్తానంది. సిస్టర్ గారు చెప్పిన పీహెచ్‌సీ మందుల గడి, కవిటి సార్ చెప్పిన ఈజీఎఫ్‌ఆర్ ఎరుపు రెండూ పెడతాను. ఏజెన్సీ వైపు నుంచి పేషెంట్లు బాగానే వస్తారు, హెచ్‌బీఏ1సీ సంగతి గుర్తుపెట్టుకుంటాను.

ఒక్క సందేహం. కంటి పరీక్ష గడిలో ఏం రాయాలి? నేను చీటీ రాసి పంపిస్తాను, వెళ్లారో లేదో తెలియదు.

నాగావళి_గట్టు:

అందుకే అక్కడ రెండు తేదీలు ఉండాలి. ఒకటి మీరు పంపిన తేదీ, రెండోది చూపించుకుని వచ్చి రిపోర్టు మీకు చూపించిన తేదీ. మొదటిది నిండి రెండోది ఖాళీగా ఉన్నవాళ్లందరూ మీ ఫోన్ లిస్టులోకి రావాలి. చాలా చోట్ల పంపడమే పని అయినట్టు టిక్కు పెట్టేసుకుంటారు. కళ్లు మసకబారేదాకా వెళ్లేవాళ్లు తక్కువ, మసకబారాక వెళ్తే రెటీనాలో అప్పటికే చాలా జరిగిపోయి ఉంటుంది. చూపు బాగున్నా ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసి లోపల చూడాలి అని చెప్పండి, "అద్దాలు రాయించుకున్నాను కదా" అంటే అది ఇది కాదని చెప్పండి. ఎక్కడికి పంపినా ఒక పనిచేయండి, బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి పోవడం లెక్కేసుకుని ఒకే ఊరివాళ్లని నలుగురైదుగురిని కలిపి ఒకే రోజు పంపండి. రెటీనాలో తేడా ఉందని తేలినవాళ్లని విశాఖలో ఎల్వీ ప్రసాద్ లాంటి చోటికి పంపొచ్చు, అందరినీ అక్కడిదాకా పంపక్కర్లేదు. కాళ్ల పరీక్షకైతే ఈ గొడవ లేదు, చెప్పులు విప్పించి మీరే చూసి మీరే తేదీ వేసుకోండి.

రాజాం_క్లినిక్:

బాగుంది, రెండు తేదీలు పెడతాను. బొబ్బిలి గారూ, ఖాళీ ఎక్సెల్ ఒకటి మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టగలరా? ఆ ఈజీఎఫ్‌ఆర్ ఫార్ములాతో సహా.

బొబ్బిలి_వీణ:

రాత్రికి పెడతాను సార్. గూగుల్ షీటు లింకు పెట్టను, ఫైల్‌గానే డౌన్‌లోడ్ చేసుకునేలా పెడతాను, లేకపోతే తెరిచిన ప్రతి డాక్టరూ తన పేషెంట్ల పేర్లు నా కాపీలోనే ఎక్కించేస్తారు. ఫార్ములా సరిగ్గా పనిచేస్తుందో లేదో కవిటి సార్ ఆ 1.4 వాళ్లిద్దరి లెక్కతో ఒకసారి సరిచూసి చెప్తే అప్పుడు వాడండి.